కుస్‌కుస్ తర్వాత పిల్లి

మొదట కుర్చీ కిర్రుమంటుంది. చిట్టచివరి వరుసలో, తలుపు పక్కన. తర్వాత ఒక దగ్గు. ఆ తర్వాతే గోధుమరంగు జల్లాబా అంగీ మడతల్లోంచి సీ అల్లాల్ నెమ్మదిగా పైకి లేస్తాడు.

"నాదొక చిన్న ప్రశ్న. మీ గ్రంథాలయంలో పిల్లి ఉందా?"

ఆయన సెఫ్రూ ఊరి గ్రంథపాలకుడు. మా గ్రంథపాలకుల వార్షిక సదస్సులో ముప్ఫై ఏళ్లుగా ఆయన అడిగింది ఆ ఒక్క ప్రశ్నే. ఎవరైనా చేతిరాత ప్రతుల మీద మాట్లాడినా పిల్లే, పాఠకుల మనస్తత్వం మీద మాట్లాడినా పిల్లే. పొద్దుటి సభల్లో హాయిగా కునుకు తీస్తాడు. లోకమంతా నిద్రపోయే మధ్యాహ్నం మేలుకుంటాడు. పిల్లి ప్రశ్న ఎన్నో నిమిషానికి దూకుతుందో అని మేం టీలోకిచ్చిన పంచదార ముక్కలు పందెం కాసేవాళ్లం.

ఒకసారి రాజధాని రబాత్ నుంచి ఒక పీహెచ్‌డీ డాక్టరుగారు రైలు ఆలస్యమై మధ్యాహ్నం సభకి జారాడు. కంప్యూటర్ సూచికల మీద గంటసేపు దంచాడు. కుర్చీ కిర్రుమంది.

"పిల్లా?" అన్నాడు డాక్టరు.

"పిల్లే."

"మా పుస్తకాలన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయండీ!"

"మరి ఎలుకలెక్కడున్నాయి?"

డాక్టరు కళ్లజోడు తుడుచుకుని, రెండు పిల్లులున్నాయని ఒప్పుకున్నాడు. ఒకదాని పేరు చెబుతూ నవ్వాడు కూడా. ఆయనకు పళ్లున్నాయని మాకు ఆ రోజే తెలిసింది.

నా వంతు మెక్నెస్ సదస్సులో వచ్చింది. శుక్రవారం, కుస్‌కుస్ తర్వాత. ఏడు కూరగాయలతో ఆవిరి మీద ఉడికిన గోధుమరవ్వ కుస్‌కుస్, దాని మీద రెండేసి గిన్నెల మజ్జిగ. అప్పుడు కూడా నిద్ర రానివాడు మొరాకోలో పుట్టి ఉండడు. అందుకే ఆ వేళ మొదటిసారి పత్రం చదివే కొత్తవాళ్లకిస్తారు. ఒక్క ప్రశ్నైనా రాని పత్రం మా సంఘం సంచికలో అచ్చు కాదు. పత్రం అచ్చయిన పథకానికే సంఘం పుస్తకాల వ్యాను ఇస్తుంది. నాకు వ్యాను కావాలి. మిదెల్త్ పైన కొండ ఊళ్లకు మా పుస్తకాలు ఇంకా యాపిళ్ల లారీలోనే వెళ్తున్నాయి.

చదవడం మొదలుపెట్టాను. కాగితాల వరుస తప్పింది. మూడో పేజీ తర్వాత ఏడు వచ్చింది, ఏడు తర్వాత మళ్లీ మూడు. ఎవరూ గమనించలేదు. నిద్ర హాలు మీదికి వానమబ్బులా దిగింది. ముందు వరుసలో రెండు గురకలు ఒకదానికొకటి జవాబిచ్చుకుంటున్నాయి.

"ప్రశ్నలున్నాయా?" అన్నాడు అధ్యక్షుడు, ఒక కన్ను తెరిచి.

ఒక ఈగ నా గ్లాసు అంచు చుట్టూ తీరిగ్గా నడిచింది. అధ్యక్షుడు జాబితాలో 'ఇట్టో' అన్న నా పేరు కొట్టేయడానికి కలం తీశాడు.

కిర్రు.

"నాదొక చిన్న ప్రశ్న. మీ గ్రంథాలయంలో పిల్లి ఉందా?"

హాలంతా ఘొల్లుమని నవ్వింది. గురకలు ఉలిక్కిపడి లేచాయి. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి.

"ఉంది! వెన్నరంగు పిల్లి, పేరు జబ్దా. ఒక్కచోట ఉండి చావదు. యాపిళ్ల లారీ ఎక్కి, పుస్తకాలతోపాటు కొండెక్కుతుంది."

"కొండ మీద దానికేం పని?"

"పిల్లలు దాన్ని చూడ్డానికే వస్తారు."

"చూసి పోతారా?"

"పోనిస్తానా? ఒళ్లో పెట్టుకోవాలంటే దానికో కథ చదివి వినిపించాలి. పోయిన చలికాలం మంచుకి దారి మూసుకుపోయింది. ఆరు వారాల తర్వాత వెళ్తే, ఉన్న ఒక్క పుస్తకాన్నీ పిల్లలంతా కంఠతా పట్టి కూర్చున్నారు. జబ్దాకి అప్పజెప్పాలని!"

కాగితాలు ఎప్పుడు పక్కన పెట్టేశానో గుర్తులేదు. ఇంకెవరో చెయ్యెత్తారు, ఆ వెనక మరొకరు. అధ్యక్షుడు రెండో కన్ను కూడా తెరిచి, అదే కలంతో ప్రశ్నలు రాసుకోవడం మొదలుపెట్టాడు.

సాయంత్రం టీ దగ్గర, "పిల్లి బాబాయ్ పిచ్చి నా పాలిట వరమైంది," అన్నాను సంఘం కార్యదర్శి లల్లా జోహ్రాతో.

"పిచ్చా?" అందామె, ఎత్తునుంచి టీ పోస్తూ. "పొద్దున సభల్లో ఆయన ఎప్పుడైనా నోరు తెరిచాడా, ఇట్టో? పాత సంచికలు తీసి చూడు. ముప్ఫై ఏళ్లలో కుస్‌కుస్ వేళ చదివిన పత్రం ఒక్కటీ రాలిపోలేదు. అన్నిటికీ మొదటి ప్రశ్న పిల్లిదే."

గ్లాసు అక్కడే పెట్టి టాక్సీల దగ్గరికి పరుగెత్తాను. సెఫ్రూ వెళ్లే కారు వెనక సీట్లో, నలుగురి మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు సీ అల్లాల్. ఇంజను అప్పటికే గుర్రుమంటోంది. కిటికీ మీద తట్టాను.

"బాబాయ్, నాదొక చిన్న ప్రశ్న. మీ గ్రంథాలయంలో పిల్లి ఉందా?"

ఆయన అద్దం దించి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"అమ్మో, పిల్లా! నాకు పడదు తల్లీ. గుమ్మం దాకా వచ్చిందంటే చాలు, సాయంత్రం దాకా తుమ్ములే. ఎవరితోనూ అనకేం!"