ప్రసంగం మధ్యలో అత్తమ్మ కసరత్తు

మా రావల్కోల్ చర్చిలో అందరూ చాపల మీదే కూర్చుంటారు. మోకాళ్లు అరిగిపోయి కింద కూర్చోలేక, అందరికంటే ఎత్తుగా కుర్చీలో కూర్చోవడానికి సిగ్గుపడి, మా అత్తమ్మ చర్చికి రావడమే మానేసింది. మేడ్చల్‌లో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి మొన్న గట్టిగానే చెప్పింది. "నొప్పని కదలకుంటే తొడల బలం పోతదమ్మా. అప్పుడు బరువంతా మోకాళ్ల మీదనే పడ్తది. కుర్చీల కూసొని కాలు సాపి, జెరసేపు ఆపి, మెల్లగ దించాలె."

ఈ రోజు అత్తమ్మ నా చేత ప్లాస్టిక్ కుర్చీ మోయించి, చర్చిలో వెనక గోడ పక్కన కూర్చుంది. ప్రసంగం మొదలైంది, ఆమె కాలూ లేచింది. ఒకటి దిగితే ఇంకొకటి. ముందు పిల్లలు నవ్వారు, తర్వాత ఆడవాళ్లంతా వెనక్కి తిరిగి చూశారు. నేను తల దించుకున్నాను. పాస్టరుగారు ప్రసంగం ఆపేశారు.

"ఏమైందమ్మా, కాళ్లు గుంజుతున్నయా?"

"లేదయ్యగారు, కసరత్తు జేస్తున్న. మీరు జెప్పుండ్రి. వాక్యం ఎంత పొడుగైతే నా మోకాళ్లకు గంత మంచిది!"

చర్చి అంతా గొల్లుమంది. ఆమె మాత్రం చాపిన కాలు దించలేదు. నాకైతే లేచి చప్పట్లు కొట్టాలనిపించింది.

చివరి ప్రార్థనకు మోకరించిన పాస్టరుగారు, బల్ల పట్టుకుని మూలుగుతూ లేచారు. బయట మేము చెప్పులు వేసుకుంటుంటే అత్తమ్మ దగ్గరికొచ్చి మెల్లగా అడిగారు.

"అమ్మా, గా కాలు లేపుడు నాకు గూడ జెర సూపియ్యరాదు?"

వచ్చే ఆదివారం నేను రెండు కుర్చీలు మోయాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి, మూడోది కూడా తెస్తాను.