మిగలని గటక

ఎల్లారెడ్డి దగ్గర మా ఊళ్లో, ఒకే వాకిట్లో నాకొక పొయ్యి, నా యారాలికి, అంటే మరిది భార్యకు, ఒక పొయ్యి. మా మామకు షుగర్ ఉందని కామారెడ్డి డాక్టరు చెప్పి, అన్నం తగ్గించి మొక్కజొన్న నూకతో వండే మక్క గటక తినమన్నాడు. పెద్దకోడలిని కనుక వండిపెట్టే హక్కు నాదే అనుకున్నాను.

తెల్లవారకముందే లేచి, మక్క నూక చెరిగి, మరిగే ఎసట్లో పోసి, ఉండకట్టకుండా తెడ్డుతో కలిపి, పొగలు కక్కే గటక పెట్టేదాన్ని. మామ రెండు ముద్దలు తిని గిన్నె పక్కన పెట్టేవాడు. ఏదో పనున్నట్టు మెల్లగా యారాలి పొయ్యి దిక్కు నడిచేవాడు. అక్కడ ఆయన గిన్నె గీకే చప్పుడు నా దాకా వినిపించేది. ఆమె మక్కలూ మా చేనివే. ఆమె నూక విసిరే రాయీ నేను విసిరేదే. మరి ఆ చేతిలో ఏముంది? ఆమె ఎవరితో నవ్వినా నన్ను చూసే నవ్వినట్టుండేది.

ఉండబట్టలేక ఒకరోజు అడిగాను. "నా గటకకు ఏమైంది మామా?"

"ఏం కాలే బిడ్డా. పండ్లు లేని నోరాయె, వేడి గటక నములరాదు. చిన్నది రాత్రి గటక మజ్జిగల నానబెడ్తది. మెత్తగ జారిపోతది."

"నాకు చెప్తే నేను పెట్టకపోదునా?"

"నీ కుండల ఏనాడన్న మిగిలిందా, అడగనీకె?"

నిజమే. తినేవాళ్లకు సరిపడా పిడికిలితో కొలిచి, కుండలో మెతుకు మిగలకుండా వండడమే నా గొప్ప. ఆ గొప్ప చూసే మా అత్త గింజల గుమ్మి నా చేతికి అప్పగించింది.

ఆ సాయంత్రం ఎసట్లో ఇంకో పిడికెడు నూక పోయబోతే చేయి వెనక్కి వచ్చింది. యారాలి పొయ్యి దిక్కు చూసి, పోశాను.

పొద్దున మామ, రాత్రంతా మజ్జిగలో నానిన నా సద్ది గటక ఆపకుండా తింటున్నాడు. వాకిలి ఊడుస్తున్న యారాలు చీపురు ఆపింది.

"ఏందక్కా, నీ కుండల గూడ మిగిలిందా? ఇయ్యాల వాన పడ్తదేమో."

"పడనీ. నీకు ఒక గిన్నె తోముడు తప్పింది."

మామ తలెత్తాడు. "బిడ్డా, చిన్నదాని కాడ మామిడి తొక్కు ఉంటది. జర తెస్తవా?"

నా జాడీలోనూ తొక్కు పచ్చడి ఉంది. అదే చెట్టు కాయలది. గిన్నె పట్టుకొని పోయాను. యారాలు గరిటె నిండా తొక్కు వేసి, మారుమాట లేకుండా ఇచ్చింది. ఏమన్నా అన్నా బాగుండేది.