మెయిల్‌కు రెండో సంతకం

ఆస్పత్రిలో అందరూ ఆమెను లైనక్క అనేవారు. అక్కడి టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పద్దెనిమిదేళ్లు కూర్చుని, రోజుకు రెండు మూడు వందలసార్లు ‘లైన్లో ఉండండి’ అన్నందుకు దక్కిన పేరది. ఎక్స్ఛేంజ్ మూసేశాక ఆమెను కంటి విభాగంలో అపాయింట్‌మెంట్ల గదికి మార్చారు. కిటికీ లేని గది, రెండు కంప్యూటర్లు, ఓ పక్కకు వాలిన కుర్చీ. రోగులకు ఆపరేషన్ తేదీలు మెయిల్లో పంపడం ఆమె పని. అంతమందికి ఒకేసారి చేరవేయడానికి ఆస్పత్రి ఒక బయటి కంపెనీని పెట్టుకుంది.

ఒక సోమవారం ఉదయం రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన కౌంటర్ దగ్గరికొచ్చి, తన శుక్లం ఆపరేషన్ ఎప్పుడని అడిగారు. అది పోయిన గురువారమే జరగాల్సిందనీ, మెయిల్ కూడా పంపామనీ లైనక్క చెప్పింది. మాస్టారు వాదించలేదు. రోజూ పొద్దున్నే మెయిల్ చూసుకుంటానని మాత్రం అన్నారు. ఆయన ఫోన్ తీసుకుని వెతికితే, మెయిల్ స్పామ్‌లో పడి ఉంది. మళ్లీ తేదీ దొరకాలంటే ఏడు వారాలు ఆగాలి.

“పరవాలేదమ్మా, రెండో కన్ను ఇంకా పనిచేస్తోందిగా” అని నవ్వారాయన. ఆ నవ్వు ఆమెను ముల్లులా గుచ్చింది.

ఆ మధ్యాహ్నమే వరసపెట్టి నలభైమంది రోగులకు ఫోన్ చేసింది. ఇరవై ఆరుగురి మెయిళ్లు స్పామ్‌లోనే ఉన్నాయి.

జాబితా పట్టుకుని కంప్యూటర్ విభాగం సారు దగ్గరికి వెళ్లింది. ఆయన చెడ్డవాడు కాదు, తలకు మించిన పనున్నవాడు. మెయిల్ ఇక్కడి నుంచి వెళ్లింది కాబట్టి మన బాధ్యత తీరిపోయిందన్నాడు.

“వెళ్తే సరిపోదు సార్, చేరాలి. అవతల ఫోన్ మోగినంత మాత్రాన మాట్లాడినట్టు కాదు కదా” అంది లైనక్క.

అప్పుడాయన అసలు సంగతి చెప్పాడు. ఆస్పత్రి పేరుతో ఎవరో దొంగ మెయిళ్లు పంపుతుంటే, పోయిన నెలలో ఆయనే ఒక నియమం పెట్టాడు: ఆస్పత్రి పేరుతో వచ్చిన మెయిల్‌కు ఆస్పత్రి సంతకం లేకపోతే అందుకునేవాళ్ల కంప్యూటర్లు దాన్ని అనుమానించాలని. ఇది పెన్నుతో పెట్టే సంతకం కాదు. పంపే కంప్యూటర్ మెయిల్‌కు జతచేసే గుర్తు. అందుకునే కంప్యూటర్ దాన్ని సరిచూసుకుంటుంది.

మాస్టారి మెయిల్ వెనకున్న వివరాలు తెరిచి చూపించమంది లైనక్క. సంతకం ఉంది, సరిగ్గానే ఉంది. కానీ అది పంపిన కంపెనీది, ఆస్పత్రిది కాదు. దొంగల కోసం వేసిన గడియ ఇంట్లోవాళ్లకే పడింది. నియమం తీసేయడం కుదరదనీ, కావాలంటే కంపెనీనే అడుక్కోమనీ సారు అన్నాడు. అంతటితో ఆమె వదిలేస్తుందనుకున్నాడు.

రెండు రోజులు వదలకుండా కంపెనీకి ఫోన్ చేసింది. ఒకరు ఇంకొకరికి కలిపారు, ఆ ఇంకొకరు మొదటివాళ్లకే తిప్పి కలిపారు. ఇంట్లో భోజనాల దగ్గర కూడా అదే గోల. నువ్వు నా కొడుకుతో కంటే ఆ కంపెనీతోనే ఎక్కువ మాట్లాడుతున్నావని అత్తగారు నవ్వింది. అయిదోసారికి విషయం తెలిసిన అమ్మాయి ఒకతె దొరికింది.

“మా సంతకం తీయలేమండీ. ఎవరైనా మెయిల్ మీద ఫిర్యాదు చేస్తే, ఆ సంతకాన్నిబట్టే ఫిర్యాదు మాకు చేరుతుంది.”

“తీయమని ఎవరన్నారమ్మా? మీది ఉండనీ. పక్కన మాది కూడా పెట్టండి. ఒక మెయిల్‌కు రెండు సంతకాలు ఉండకూడదా?”

ఉండొచ్చని ఆ అమ్మాయి ఒప్పుకుంది. దేనికదే విడిగా సరిచూస్తారనీ, ఒకటి తప్పినా రెండోది చెల్లుతుందనీ వివరించింది. ఆస్పత్రి సంతకాన్ని సరిచూడటానికి ఒక కీ, అంటే పొడవాటి అక్షరాల వరస పంపుతామనీ, దాన్ని అందరికీ కనిపించేలా ఇంటర్నెట్‌లో ఆస్పత్రి పేరు మీదున్న రికార్డులో పెట్టాలనీ చెప్పింది.

కీ వచ్చింది. సారు గొణుక్కుంటూనే దాన్ని రికార్డులో పెట్టాడు. ప్రయోగానికి ఒక మెయిల్ పంపారు. కంపెనీ సంతకం నెగ్గింది, ఆస్పత్రిది తప్పింది. ఇక లాభం లేదన్నాడు సారు.

లైనక్క రెండు కాగితాలు ప్రింట్ తీసింది: కంపెనీ పంపిన కీ ఒకదాని మీద, రికార్డులో కనిపిస్తున్నది రెండోదాని మీద. దాదాపు నాలుగు వందల ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు. ఎక్స్ఛేంజ్‌లో నంబర్లు చదివినట్టే నాలుగేసి చొప్పున, పెద్ద అక్షరమో చిన్న అక్షరమో చెబుతూ పైకి చదివింది. సారు పెన్సిల్‌తో రెండో కాగితం మీద టిక్కు పెట్టుకుంటూ పోయాడు. గొంతు ఎండిపోతే నీళ్లు తాగి మళ్లీ అందుకుంది. సగం దాటాక ఆయన పెన్సిల్ ఆగింది.

“ఇక్కడ ఒకటి తక్కువైందక్కా” అన్నాడు నెమ్మదిగా. కీ పొడవెక్కువని రెండు ముక్కలు చేసినప్పుడు, అతుకు దగ్గర ఒక అక్షరం ఆయనే పోగొట్టాడు.

దిద్ది మళ్లీ పంపారు. ఈసారి రెండు సంతకాలూ నెగ్గాయి.

ఎవరిదో ఆపరేషన్ రద్దయి తేదీ ఒకటి ఖాళీగా ఉంటే లైనక్క పెద్ద డాక్టరును అడిగి మాస్టారికి ఇప్పించింది. ఆ తేదీ పంపిన మెయిల్ నేరుగా ఇన్‌బాక్స్‌లోకే వచ్చిందని మర్నాడు పొద్దున్నే ఆయన ఫోన్ చేసి చెప్పారు. తర్వాతి నెలలో మళ్లీ నలభైమందిని అడిగింది. ముగ్గురికి మాత్రం ఇంకా స్పామ్‌లోనే పడుతున్నాయి. ఎందుకో సారుకూ అంతుపట్టలేదు. ఆ ముగ్గురి మెయిళ్ల వివరాలు ప్రింట్ తీసి, లైనక్క మళ్లీ ఆయన బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.