ట్యాంకుకు స్కానింగ్, పొరలకు లామినేషన్

గోదావరిఖనికి ఈసారి చుట్టపుచూపుగా పోలేదు. తమ్ముడు సదయ్య వంటింటి వెనకే కాలనీ ఇనుప నీళ్ల ట్యాంకు ఉంది. కొత్తగా రంగు వేశాం కదా, గట్టిగానే ఉందని కమిటీవాళ్లు అంటారు. లోపల తుప్పు తినేసిందని తమ్ముడి భయం. తేల్చడానికి నా కూతురు స్వాతి కాలేజీ ప్రయోగశాలలో తాను తయారుచేసిన వెండిపూత ప్లాస్టిక్ పొరలు తెచ్చింది. వాటిని రేకుకు ఆనించి కరెంటు ఇస్తే చెవికి అందని శబ్దం లోపలికి పోయి తిరిగొస్తుంది. ఎంత తొందరగా తిరిగొస్తే రేకు అంత పలచనైనట్టు.

కరీంనగర్‌లో ఏడింటికి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. పెద్దపల్లి మీదుగా తొమ్మిదిన్నరకు దిగాం. ఆటో అతను నూరు అడిగితే అరవైకి ఒప్పించాను. "గీ బొగ్గుదుమ్ముకు ఆటో కడుగుడుకే అరవై అయితదక్కా" అని దారంతా సణిగాడు.

మేం టిఫిన్ తినేలోపు తమ్ముడు పొరల కవరుతో మాయమై, ఘనకార్యం చేసినవాడిలా తిరిగొచ్చాడు. పొరలన్నీ జిరాక్స్ షాపులో లామినేషన్ అయిపోయాయి!

"దుమ్ము వడ్తదని చేపిచ్చిన బిడ్డా. నా సర్టిఫికెట్లన్ని గిట్లనే భద్రంగున్నయ్."

"మామా, గంత వేడి తగిలితే ఇవి చెవిటివైతయ్! ఇగ పనికి రావు" అంది స్వాతి, ఏడుపు గొంతుతో.

"ఆధార్ కార్డులనుకున్నవా వీటిని?" అని అరిచాను.

వాడు జేబు తడుముకున్నాడు. "ఒక్కటి నలిగిందని షాపాయన చెయ్యనన్నడక్కా."

మాకు మిగిలింది ఆ నలిగినదే.

మండుటెండలో స్వాతి రేకుకు జెల్ రాసి పొరను మెల్లగా జరుపుతుంటే, పక్కింటి రాజవ్వ నడుం మీద చెయ్యేసుకుని వచ్చింది. "ఏందే, ట్యాంకుకు గుడ స్కానింగా? ఎన్నో నెల?" నవ్వే ఓపిక నాకు లేదు. పైభాగమంతా బాగానే ఉంది. అడుగు దగ్గరికి వచ్చేసరికి ల్యాప్‌టాప్‌లో, శబ్దం తిరిగొచ్చిన సమయం చూపే గీత ముందుకు జరిగింది. మళ్లీ పెట్టి చూసింది, మళ్లీ అంతే. రేకు మందం సగానికి సగం పోయింది.

తళతళలాడే రంగు మీద తమ్ముడు వేలితో తట్టాడు. "అంటే దీనికి గుడ లామినేషన్ చేసిన్రన్నట్టు."

కమిటీవాళ్లు గొణుగుతూనే సాయంత్రానికి ట్యాంకు ఖాళీ చేయించారు. తిరుగు బస్సులో కూడా తమ్ముడి మీద కోపం తగ్గలేదు. కానీ అంత నీటి బరువు పక్కనే మరదలు ఇన్నాళ్లూ అన్నం వండిందని తలచుకుంటే వాడి భయమే నిజమనిపించింది. ఇలాంటి పొరలు తీసుకెళ్లేవారు ఎండ తగలకుండా స్టీలు డబ్బాలో పెట్టుకోండి. చుట్టాలు ఎంత ప్రేమగా అడిగినా చేతికివ్వకండి.