చావడిలో పలికిన పేరు

“ఇయ్యాలన్న అయితదా?” అన్నాను. “రేపు రమ్మంటరు తియ్, నువ్వు తిను,” అని మా ఆయన తాలూకా కచేరికి బయలుదేరాడు. తండ్రి పొలం తన పేరున ఎక్కించుకోవడానికి ఏళ్ల తరబడి తిరిగిన మనిషి, ఆ రోజు దారిలోనే ఎండదెబ్బకు పోయాడు.

మరుసటేడు కొత్త తహసీల్దారు వచ్చాడు. జనాన్ని తిప్పకుండా తానే మా రాయదుర్గం చావడిలో కూర్చుని, ఎవరి పని ఎందుకు ఆగిందని అందరి ముందే గుమాస్తాను నిలదీశాడు.

“నీ పెనిమిటి పేరేందమ్మా?” అని నన్నడిగాడు. మొగుని పేరు మేము పలకము. పక్కనున్న మా మరిది చెప్పాడు. తహసీల్దారు ఆ పేరుకు ‘గారు’ చేర్చి గట్టిగా పలికి, పొలం అక్కడికక్కడే నా పేరున ఎక్కించాడు. కచేరిలో ఒక్కనాడూ మా ఆయనను ఎవరూ అట్లా పిలవలేదు.

ఇప్పటికీ ఎవరైనా ఆ పేరు పలికితే వినాలని ఉంటుంది. నువ్వు మరిది బిడ్డవు, నేను చెప్తుంటే ఇంతవరకు రాసింది, ‘మా ఆయన’ అన్నచోట ఆయన పేరు పెట్టి జర చదివి వినిపించు.