నాన్న చేసిన ఫిట్టింగ్

ఎనభైల చివర్లో ఉప్పల్‌లో ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదివాను. వర్క్‌షాప్ క్లాసులో రెండు ఇనుప ముక్కల్ని సందు లేకుండా అతికేలా ఆకురాయితో అరగదీయాలి. నాకు చేతకాక, నాచారం ఫ్యాక్టరీలో ఫిట్టరైన నాన్నతో చేయించుకెళ్లాను.

టై కట్టిన లెక్చరర్ వాటిని వెలుతురుకు పట్టి సందు ఉందో లేదో కూడా చూడలేదు. "చెత్త! మళ్లీ చెయ్" అని విసిరేశాడు.

ఇంటికొచ్చి నాన్న మీద అరిచాను. "ఇరవయ్యేండ్ల సంది ఏం నేర్చుకున్నవ్ నాయినా?"

నాన్న ముక్కలకు నూనె మాత్రం రాసి ఇచ్చాడు. "గివే తీస్కపో బిడ్డా. మీ సారుకు మెరిస్తే సాలు."

మర్నాడు పదికి తొమ్మిది మార్కులు! "ఇప్పుడు కుదిరింది" అన్నాడా మహానుభావుడు.

ఆయన చదువు తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కానీ నాన్న మీద అరిచేముందు ఆ ముక్కల్ని వెలుతురుకు పట్టి చూడాలని నాకూ తోచలేదు.