ఏడు కత్తుల ముక్క

బస్సు టైరు పంచరైంది. అందరం దిగి రోడ్డు పక్కన నీడ వెతుక్కున్నాం. కూర్చోబోతూ అక్కడున్న గోనెసంచి మీద చెయ్యి ఆనించాను.

"పెద్దాయనా, చెయ్యి తియ్యండి, తెగుతుంది!"

సంచి బస్సులో నా పక్క సీటతనిది. కత్తులకు సాన పట్టేవాడు. చొక్కా ముందంతా నిప్పురవ్వలు చేసిన చిల్లులే. బావమరిదీ తనూ ఏళ్ళ తరబడి మార్కెట్టు మూలన ఒకే సానబండి నడిపారట. ఆ పొద్దున బావమరిది నిద్ర లేవకముందే సానరాయినీ, హోటళ్ళవాళ్ళు పదునుకిచ్చిన కత్తులనూ సంచిలో వేసుకుని వచ్చేశాడు.

ఎందుకని అడిగితే జేబులోంచి జోస్యం చెప్పే టారో పేకముక్క ఒకటి తీశాడు. "పక్కింటి దర్జీ ఆవిడ ముక్కలు చూసి చెబుతుంది. నాకు ఇదొచ్చింది. నీ పక్కనే దొంగ ఉన్నాడంది. నా పక్కనుండేది వాడొక్కడే!"

బొమ్మలో ఒకడు గుడారాల దగ్గర్నుంచి మునివేళ్ళ మీద జారుకుంటున్నాడు. చేతుల్లో అయిదు కత్తులు. వెనక రెండు నేలలో దిగబడి ఉన్నాయి. వెనక్కి చూసి ముసిముసిగా నవ్వుతున్నాడు.

"అప్పట్నుంచి వాణ్ణి కనిపెడుతూనే ఉన్నా. మొన్న తనే టీ తెచ్చిచ్చాడు. ఎందుకంటారు?"

"తాగుతావనేమో."

"ఇన్నేళ్ళలో లేనిది!"

ఇలాంటి ముక్కలకు అర్థం విప్పి చెప్పేవాళ్ళు రేవుల్లో, రైళ్ళలో నాకు చాలామందే తగిలారు. ఈ కత్తులంటే ఎత్తుగడ అని ఒకామె, ఎదురు నిలవలేక తప్పుకోవడమని ఇంకొకాయన. ఓడలో వంటచేసే ఒకడైతే, "వీడు పట్టింది పిడి కాదు, అంచు. ముందు తెగేది వీడి చెయ్యే" అన్నాడు. ఒక్క మాట దగ్గర మాత్రం వాళ్ళంతా కలిశారు: ముక్క ఎవరికొస్తే వాళ్ళనే ముందు బొమ్మలో వెతకాలి.

"ఇందులో నువ్వెక్కడున్నావు?" అన్నాను.

గుడారం మీద వేలు పెట్టాడు. "లోపల. నిద్రపోతున్నా."

"ఇవాళ నిద్రపోయిందెవరు?"

వేలు మెల్లగా కదిలి, జారుకునేవాడి మీదకొచ్చి ఆగింది.

"సాయంత్రం కత్తులిచ్చినవాళ్ళొస్తే దొంగ అనిపించుకునేది మీ బావమరిదే. అదిగో, వెనక్కెళ్ళే బస్సు. ఎక్కితే ఆలోపే చేరుకుంటావు."

లేచాడు. బస్సు ఆపడానికి చెయ్యి సగం ఎత్తాడు కూడా. ఏదో తట్టినట్టు దించేశాడు.

"మీరెక్కడ ఎక్కారు?"

"మీ ఊళ్ళోనే."

"నా పక్క సీట్లోనే కూర్చున్నారు కదూ?"

"అదే ఖాళీగా ఉంది నాయనా."

"వాడే పంపాడా మిమ్మల్ని?"

బస్సు ఆగకుండా వెళ్ళిపోయింది. సంచి భుజానికెత్తుకుని, ఊరికి ఎదురు దిక్కున కాలినడకన బయల్దేరాడు. కత్తులు గలగలలాడకుండా మునివేళ్ళ మీద నడుస్తున్నాడు. మలుపులో ఒకసారి వెనక్కి చూశాడు.

ముక్క నా చేతిలోనే ఉండిపోయింది. అందులోవాడు నవ్వుతున్నాడు. ఇతను మాత్రం నవ్వలేదు.